ఉలి కన్నా ముందు వెలుగు

మొన్న వేసవిలో మా ఇంట్లో చెక్కపని పెట్టుకున్నాం. రెండు గదులకు వార్డ్‌రోబ్‌లు, వంటింట్లో అరలు, పిల్లలు చదువుకోవడానికి ఒక బల్ల. ఫాల్స్ సీలింగ్‌లో ఏ మూల ఎన్ని లైట్లు రావాలి, ఏవి పసుపు, ఏవి తెలుపు అన్న చర్చ ఇంట్లో వారం రోజులు నడిచింది. అదే సమయంలో పక్కగదిలో వడ్రంగి మేస్త్రీ రెండు స్టూళ్ల మీద ప్లైవుడ్ పరుచుకుని పని చేసుకుంటున్నారు. పైన వైరుకు వేలాడే హోల్డరులో ఒకే ఒక్క బల్బు.

ఒకరోజు సాయంత్రం ఆరున్నర దాటింది. తలుపుకు మడతబందు కూర్చోవడానికి ఆయన ఉలితో గాడి తీస్తున్నారు. ‘‘గీత కనిపిస్తోందా మేస్త్రీ?’’ అని అడిగాను. ‘‘అలవాటే సార్, కన్నుకన్నా ముందు చెయ్యే చెబుతుంది’’ అన్నారు నవ్వుతూ. పది నిమిషాల తర్వాత చెయ్యి ఏమీ చెప్పలేదు. ఉలి జారి ఎడమ బొటనవేలిని చీల్చింది. నాలుగు కుట్లు పడ్డాయి. పది రోజులు పని లేదు.

ఆ రాత్రి ఆయన నిలబడిన చోటే నేనూ నిలబడి చూశాను. బల్బు నా వీపు వెనక ఉంది. నా తల నీడ, భుజం నీడ సరిగ్గా ఆ పెన్సిల్ గీత మీదే పడుతున్నాయి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి తన నీడలోనే ఉలి దించుతున్నారు. అలంకారానికి పెట్టే లైట్ల కోసం వారం రోజులు ఆలోచించిన మేం, పదునైన ఇనుము చేతికి అంగుళం దూరంలో కదిలే చోట ఒక మంచి లైటు పెట్టాలని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

ఈ వారం చెప్పదలచుకున్నది ఇదే. చెక్కపని చేసే చోట వెలుగు సౌకర్యం కాదు, పనిముట్టు. రంపం, ఉలి, చిత్రిక కొనేటప్పుడు ఎంత ఆలోచిస్తామో లైటు విషయంలోనూ అంతే ఆలోచించాలి. ఉద్యోగ విరమణ తర్వాత బాల్కనీలో చిన్న పనిబల్ల వేసుకుని మనవళ్లకు బొమ్మలు చేసిపెట్టే పెద్దలు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నారు. సెలవు రోజుల్లో కారు పార్కింగ్‌లో షెల్ఫులు కొట్టుకునే కుర్రవాళ్లూ ఉన్నారు. చెక్కపని మనసుకు మంచి విశ్రాంతి. కానీ మసక వెలుతురులో చేస్తే అదే పని కంటికి, మెడకు, వేళ్లకు చేటు తెస్తుంది.

ఎంత వెలుగు కావాలి?

మనలో చాలామంది ఇప్పటికీ వెలుగును వాట్లలో లెక్కేస్తాం. వాట్లు చెప్పేది ఎంత కరెంటు తింటుందో మాత్రమే. ఎంత వెలుగు ఇస్తుందో చెప్పేది ల్యూమెన్లు. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఇచ్చేది దాదాపు 700 ల్యూమెన్లు. ఇప్పటి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 900 ఇస్తుంది. నాలుగడుగుల 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు దాదాపు 2,000 ఇస్తుంది. డబ్బా మీద ఈ అంకె ఉంటుంది. కొనేముందు చూడాల్సింది దాన్ని.

అయితే లైటు నుంచి ఎంత వెలుగు బయల్దేరిందన్నది ఒక లెక్క, బల్ల మీదికి ఎంత చేరిందన్నది మరో లెక్క. బల్ల మీద పడే వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం వడ్రంగి బల్ల దగ్గర అతుకులు, బిగింపులు చేసే పనికి 300 లక్స్ ఉండాలి. యంత్రాల దగ్గర 500 ఉండాలి. నగిషీకి, పాలిష్‌కు 750 వరకూ కావాలి. మరి మన ఇంట్లో ఎంత ఉంటుంది? పది అడుగుల సీలింగ్‌కు బిగించిన ఒక ట్యూబు కింద, నడుము ఎత్తున ఉన్న బల్ల మీదికి చేరేది సుమారు 150 లక్స్. అది గదిలో నడవడానికి, టీవీ చూడటానికి సరిపోతుంది. అర మిల్లీమీటరు గీత మీద రంపం పెట్టడానికి సరిపోదు.

దూరం చేసే మాయ ఇక్కడే ఉంది. చిన్న బల్బు నుంచి రెండింతలు దూరం జరిగితే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే సీలింగ్‌కు మరింత పెద్ద లైటు బిగించడం కన్నా ఓ మామూలు లైటును బల్లకు దగ్గరగా దించుకోవడం చవక, మేలు. బల్ల మీద నాలుగడుగుల ఎత్తున ఒక ట్యూబు, దానికి తోడు మెడ తిప్పుకునే వీలున్న ఒక క్లాంప్ ల్యాంపు ఉంటే చాలావరకు చెక్కపనికి సరిపోతుంది. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్‌లు కచ్చితమైన అంకె చెప్పవు. కానీ ఈ మూలకూ ఆ మూలకూ తేడా ఎంతో పోల్చుకోవడానికి బాగా పనికొస్తాయి.

వయసు లెక్క కూడా చూసుకోవాలి. వయసు పెరిగే కొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు రంగుకు తిరుగుతుంది. ఇరవై ఏళ్లవాడి కంటిలో రెటీనా దాకా చేరే వెలుగుతో పోలిస్తే అరవై ఏళ్లవారికి చేరేది సుమారు మూడో వంతే. అందుకే మనవడికి చక్కగా కనిపించే గీత తాతయ్యకు కనిపించదు. ‘‘కళ్లద్దాలు మార్చాలేమో’’ అనుకుంటారు. చాలాసార్లు ముందు మార్చాల్సింది లైటు. పైగా వెలుతురు చాలనప్పుడు మనిషి తెలియకుండానే పని మీదికి వంగుతాడు. ముఖం బల్లకు జానెడు దూరానికి చేరుతుంది. గంట తర్వాత మెడ పట్టేస్తుంది, నుదురు బరువెక్కుతుంది. ఆ నొప్పికి తైలం రాసుకుంటాం తప్ప దాని వేరు గది సీలింగ్ దగ్గర ఉందని ఊహించం.

ఎటువైపు నుంచి రావాలి?

వెలుగు ఎంత అన్నదానికన్నా ఎటు నుంచి అన్నది ఒక్కోసారి ముఖ్యం. మన ఇళ్లలో బల్లను గోడకు ఆనించి వేస్తాం. ట్యూబులైటు గది మధ్యలోనో ఎదుటి గోడకో ఉంటుంది. అంటే అది ఎప్పుడూ మన వెనకే. మన నీడలో మనమే పని చేస్తుంటాం. మా మేస్త్రీకి జరిగింది అదే.

కుడిచేతి వాటం వారికి లైటు ఎడమవైపు ముందు నుంచి, తలకు కాస్త పై ఎత్తున ఉండాలి. అప్పుడు చేతి నీడ గీతకు అవతలికి పోతుంది. ఎడమచేతి వాటం వారికి ఇది తిరగబడుతుంది. చిన్నప్పుడు రాసుకునేటప్పుడు దీపం ఎడమవైపు పెట్టుకోమని అమ్మ చెప్పేది కదా, ఆ మాటే ఇది. ఇక పెద్ద లైటు ఒకటి కన్నా, రెండు వైపుల నుంచి రెండు మధ్యరకం లైట్లు మేలు. ఒకదాని నీడను రెండోది పలచన చేస్తుంది.

లైటును దగ్గరికి దించుకోమన్నాం కదా అని కంటికి సూటిగా తగిలేలా పెట్టకూడదు. బల్బు కంటికి నేరుగా కనిపిస్తే మిరుమిట్లు కమ్ముతాయి. ఆ క్షణంలో గీత మాయమవుతుంది. శుక్లాలు మొదలైనవారికి ఈ బాధ మరీ ఎక్కువ. మసకబారిన కటకంలో వెలుగు చెదిరిపోయి కళ్ల ముందు తెల్లని తెర కట్టినట్టు ఉంటుంది. కాబట్టి లైటుకు లోతైన గొడుగు ఉండాలి. నిలబడి చూసినా, వంగి చూసినా బల్బు కంటపడకూడదు. స్టీలు స్కేలు మీద, వార్నిష్ వేసిన చెక్క మీద మెరుపు కొడుతుంటే లైటును కొద్దిగా పక్కకు జరిపితే చాలు.

ఇంకో పొరపాటు ఉంది. బల్ల మీద ఒక్క లైటు వేసుకుని గదిలో మిగతావన్నీ ఆర్పేస్తాం. కరెంటు ఆదా అనుకుంటాం. వెలుగులో ఉన్న చెక్క నుంచి చీకట్లో ఉన్న సుత్తి వైపు చూసిన ప్రతిసారీ కన్ను మళ్లీ సర్దుకోవాలి. కన్ను అలసిపోతుంది. కిందపడ్డ మేకు, వైరు, దుంగ కనిపించవు. బల్ల మీద ఎంత వెలుగు ఉందో చుట్టూ కనీసం అందులో మూడో వంతు ఉండటం మంచిది. గోడలకు తెల్ల సున్నమో లేతరంగో ఉంటే ఆ పని సగం అవే చేసిపెడతాయి.

తలకు కట్టుకునే లైట్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. కప్‌బోర్డు లోపల స్క్రూ బిగించడానికి అవి మంచివే. కానీ చూపూ వెలుగూ ఒకే దిక్కున పోతాయి కాబట్టి నీడలు కనిపించవు. నీడ లేకపోతే చెక్క మీది ఎత్తుపల్లాలు తెలియవు. పనిబల్లకు అది ఆధారం కాకూడదు, తోడుగా మాత్రమే ఉండాలి.

నీడ అక్కరకొచ్చే సందర్భమూ ఉంది. గరుకు కాగితం పట్టడం పూర్తయిందనుకున్నాక, పాలిష్ వేసే ముందు గదిలో లైట్లు ఆర్పి ఒక టార్చిని చెక్క ఉపరితలానికి దాదాపు ఆనించి పక్కనుంచి వేసి చూడండి. పైనుంచి చూస్తే అద్దంలా ఉన్న చెక్క మీద చిత్రిక పట్టిన గాట్లు, అడ్డంగా రుద్దిన గీతలు, జిగురు మరకలు అన్నీ లేచి నిలబడతాయి. పాలిష్ వేశాక బయటపడితే ఏడుపే. ముందే చూసుకుంటే పది నిమిషాల పని. పని నేర్చుకునే పిల్లలకు ఇది చూపించండి, ఒక్కసారికే గుర్తుండిపోతుంది.

ఏ రంగు వెలుగు?

చీర కొనేటప్పుడు మన ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని ఒకటుంది. షాపు లైట్ల కింద నచ్చినా సరే, ఓసారి గుమ్మం బయటికి తీసుకెళ్లి ఎండలో చూస్తారు. చెక్కకూ అదే సూత్రం. షాపులో రెండు ల్యామినేట్లు కలిసిపోయినట్టు కనిపిస్తాయి, ఇంట్లో బిగించాక ఒకటి ఎర్రగా, ఒకటి పచ్చగా కనిపిస్తుంది. తప్పు ల్యామినేటుది కాదు, లైటుది.

వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు. 2,700 అంటే పాత బల్బు లాంటి పసుపు. 6,500 అంటే నీలిఛాయ ఉన్న తెలుపు. మన బజారులో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. చెక్కపనికి ఈ రెండింటి మధ్య 4,000 దగ్గర ఉన్న లైటు సుఖంగా ఉంటుంది. టేకు గోధుమ రంగు మరీ పచ్చబడదు, మరీ పాలిపోదు. డబ్బా మీద చూడాల్సిన ఇంకో మాట సీఆర్‌ఐ. వస్తువుల రంగులను ఆ వెలుగు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె అది. పూర్తి మార్కులు 100. మామూలు లైట్లు 80 దగ్గర ఉంటాయి. రంగులు కలిపే పని, పాలిష్ పని చేసేవారు 90 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది తీసుకోవాలి. ఎన్ని చెప్పినా రంగు విషయంలో చివరి తీర్పు పగటి వెలుగుదే. కిటికీ పక్కన బల్ల వేసుకునే వీలుంటే అంతకన్నా భాగ్యం లేదు. అయితే ఎండ సూటిగా బల్ల మీద పడకుండా ఒక పలచని తెర ఉండాలి.

రాత్రి పొద్దుపోయేదాకా తెల్లటి గట్టి వెలుగులో పని చేస్తే నిద్ర పట్టడం ఆలస్యమవుతుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను విడుదలను ఆ వెలుగు వెనక్కి నెడుతుంది. పైగా అలసిన చెయ్యి, పదునైన ఉలి ఒకచోట ఉండకూడదు. రాత్రి భోజనం తర్వాత రంపం పట్టకుండా ఉండటమే మంచి నియమం.

తిరిగేది ఆగినట్టు కనిపిస్తే...

ఇప్పుడు చెప్పబోయేది చాలామందికి తెలియని ప్రమాదం. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ఆవృత్తి చెందుతుంది. దానివల్ల నాసిరకం ఎల్‌ఈడీలు, పాత చోక్ ట్యూబులు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. కన్ను ఆ మినుకును పట్టుకోలేదు. కానీ తిరిగే వస్తువు దగ్గర అది మోసం చేస్తుంది.

లేత్ మిషన్ తలకు నాలుగు దవడలు ఉన్నాయనుకుందాం. అది నిమిషానికి 1,500 సార్లు తిరుగుతోంది. ఒక మినుకుకూ ఇంకో మినుకుకూ మధ్య అది సరిగ్గా పావు చుట్టు తిరుగుతుంది. అంటే లైటు వెలిగిన ప్రతిసారీ ఒక దవడ ఉన్నచోటికి పక్క దవడ వచ్చి ఉంటుంది. చూసేవారికి అది కదలనట్టే కనిపిస్తుంది! రంపం బ్లేడుకు పళ్లు చాలా ఉంటాయి కాబట్టి ఈ భ్రమ ఎన్నో వేగాల దగ్గర కలగవచ్చు. యంత్రం శబ్దం చెవిలో ఉన్నా, పక్కన ఇంకో మోటారు కూడా తిరుగుతుంటే ఏది ఆగిందో, ఏది తిరుగుతోందో తెలియదు. ఆగిందనుకుని చెయ్యి పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క రంగులు అద్దే కళాకారులను చూసినవారికి తెలుస్తుంది, వేళ్లు తిరిగే కర్రకు ఎంత దగ్గరగా ఉంటాయో. అలాంటి చోట లైటు మినుకుమనకపోవడం కళకు సంబంధించిన విషయం కాదు, వేళ్లకు సంబంధించిన విషయం.

పరీక్ష సులువే. ఫోన్ కెమెరాను స్లోమోషన్‌లో పెట్టి లైటు వైపు చూపించండి. తెర మీద నల్లని పట్టీలు కదిలినా, లైటు కొట్టుకుంటున్నట్టు కనిపించినా అది మినుకుతోందని అర్థం. ఫోన్ లేకపోయినా ఫర్వాలేదు. లైటు కింద ఒక పెన్సిల్‌ను వేగంగా అటూఇటూ ఊపండి. పెన్సిల్ ఒకే మసకలా కనిపిస్తే మంచిది. విడివిడిగా నాలుగైదు పెన్సిళ్లు కనిపిస్తే ఆ లైటును యంత్రం దగ్గర పెట్టకండి. డబ్బా మీద ‘ఫ్లికర్ ఫ్రీ’ అని ఉన్నదాన్ని తీసుకుని, ఇంటికి వచ్చాక ఈ పరీక్ష మీరే చేసుకోండి. ఎల్‌ఈడీలో వెలుగు నిలకడగా ఉండేలా చూసేది లోపలి డ్రైవర్ అనే భాగం. అతి చవక లైట్లలో కోత పడేది ఎక్కువగా అక్కడే.

దుమ్ము, తీగలు, కరెంటు కోత

చెక్కపొడి నాసికను, ఊపిరితిత్తులను బాధించడమే కాదు, క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. మాస్కు తప్పనిసరి అన్నది అందుకే. ఆ పొడి లైటును కూడా వదలదు. గొడుగు మీద, ట్యూబు మీద పొర పేరుకుంటే వెలుగు రోజురోజుకూ తగ్గుతుంది. నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి మనకు తెలియదు. వారానికోసారి స్విచ్ ఆపి, పొడిగుడ్డతో తుడిస్తే కొత్త లైటు కొన్నంత తేడా కనిపిస్తుంది. బాగా వేడెక్కే హాలోజన్ లైట్లను చెక్కపొడి, థిన్నరు ఉన్న చోట పెట్టకూడదు, నిప్పు భయం ఉంటుంది. ఈ విషయంలో ఎల్‌ఈడీ ఎంతో నయం.

ప్లగ్గు లేని వైరు కొసలను సాకెట్‌లోకి గుచ్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు దూర్చడం మనం రోజూ చూసే దృశ్యం. చూసీచూడనట్టు పోతాం. లైటు వైరుకు మంచి ప్లగ్గు ఉండాలి. ఇనుప ఒళ్లున్న ల్యాంపు అయితే ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి. వైరు రంపం నడిచే దారికి అడ్డం రాకుండా గోడ వెంట, పైనుంచి తేవాలి. ఇంటి మెయిన్ బోర్డులో షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడిగి చూసుకోండి.

కరెంటు పోయే క్షణం గురించి కూడా ఆలోచించాలి. లైటు ఒక్కసారిగా ఆరిపోతుంది. కానీ రంపం బ్లేడు మరికొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. చీకట్లో, చేతిలో తిరిగే బ్లేడు! అందుకే పనిబల్ల మీది ఒక లైటైనా ఇన్వర్టరు లైనులో ఉండాలి. లేదంటే కరెంటు పోగానే దానంతట అది వెలిగే ఛార్జింగ్ బల్బు ఒకటి పెట్టుకోవాలి. కరెంటు పోతే ముందు మిషన్ స్విచ్ ఆపేయాలి. తిరిగి వచ్చినప్పుడు అది తనంతట తాను తిరగడం మొదలుపెట్టకూడదు.

లైటు బాగున్నా కనిపించకపోతే?

ఇన్ని చేశాక కూడా గీతలు మసకగా ఉంటే, లైటు చుట్టూ వలయాలు కనిపిస్తుంటే, ముందుకన్నా ఎక్కువ వెలుగు కావాలనిపిస్తుంటే, అప్పుడు తప్పు కంటిలో ఉండొచ్చు. శుక్లాలు కావచ్చు, నీటికాసులు కావచ్చు, మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిని ఉండొచ్చు. నలభై దాటినవారు క్రమం తప్పకుండా, మధుమేహం ఉన్నవారు ఏడాదికోసారి తప్పనిసరిగా కంటి పరీక్ష చేయించుకోవాలి. ప్రోగ్రెసివ్, బైఫోకల్ అద్దాలు వాడేవారికి దగ్గరి చూపు అద్దంలో కింది భాగాన ఉంటుంది. బల్ల మీది గీత చూడటానికి వారు గడ్డం పైకెత్తి మెడను వెనక్కి వంచుతారు. డాక్టర్‌కు మీ బల్ల కంటికి ఎంత దూరమో కొలిచి చెప్పండి. ఆ దూరానికే సరిపడే అద్దాలు రాసిస్తారు. కళ్లద్దాలు ఉన్నా సరే, రంపం, రూటర్ పట్టేటప్పుడు పక్కలు కూడా మూసి ఉండే రక్షణ అద్దాలు పెట్టుకోవాలి. అవి రంగువి కాకుండా తెల్లగా, గీతలు పడకుండా ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి దూరంగా ఉన్న చెట్టునో మేడనో కాసేపు చూస్తే కంటి కండరాలకు ఊరట.

మన ఇంటికి వచ్చిన మేస్త్రీకి...

మళ్లీ మొదటి మాటకు వద్దాం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 17వ సెక్షన్ వెలుగు గురించే ఉండేది. పనిచేసే ప్రతిచోటా తగినంత వెలుగు ఉండాలని, కంటికి శ్రమ కలిగించే, ప్రమాదానికి దారితీసే మిరుమిట్లు, నీడలు లేకుండా చూడాలని అందులో రాశారు. స్వాతంత్య్రం వచ్చిన మరుసటి ఏడాదే మన చట్టం నీడ సంగతి కూడా ఆలోచించింది. కానీ ఆ చట్టం ఫ్యాక్టరీలకే వర్తించేది. మన హాల్లో, కట్టుబడి పూర్తికాని మన ఫ్లాటులో పనిచేసే వడ్రంగి దగ్గరికి ఏ ఇన్‌స్పెక్టరూ వచ్చి లక్స్ కొలవడు. అక్కడ ఆ బాధ్యత ఇంటివాళ్లదే.

‘‘ఆయన లైటు ఆయన తెచ్చుకోవాలి కదా’’ అనొచ్చు. రోజుకో ఇంట్లో పని, బండి మీద పనిముట్ల సంచి, ఇంకా కనెక్షన్ రాని ఫ్లాటు. ఆయన తెచ్చుకోగలిగేది ఒక హోల్డరు, ఒక బల్బు. తొందర మనది. ‘‘గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశాం, రాత్రి అయినా ఫర్వాలేదు కానిచ్చేయండి’’ అనేది మనమే. రాత్రి పని చేయించుకునేవారు రాత్రికి తగ్గ వెలుగూ ఇవ్వాలి.

దానికి పెద్ద ఖర్చు లేదు. పని మొదలైన రోజే స్టాండుకు బిగించిన రెండు ఎల్‌ఈడీ లైట్లు, సరైన ప్లగ్గున్న ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు ఆ గదిలో ఉంచండి. బల్ల ఎక్కడ వేసుకుంటారో మేస్త్రీని అడిగి, ఒకదాన్ని ఎడమవైపు ముందు, ఇంకోదాన్ని కుడివైపు పెట్టండి. ఆయన నిలబడే చోట మీరోసారి నిలబడి చూడండి. మీ నీడ గీత మీద పడుతోందా, బల్బు కంట్లో కొడుతోందా? రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. పని పూర్తయ్యాక ఆ లైట్లు వృథా కావు. పిల్లల చదువు బల్లకు, అమ్మ కుట్టుమిషన్‌కు, వంటింట్లో కూరగాయలు తరిగే చోటుకు అవే పనికొస్తాయి. అక్కడా కత్తి ఉంది, సూది ఉంది, మన నీడా ఉంది.

మా మేస్త్రీ పది రోజుల తర్వాత కట్టుతోనే వచ్చారు. అప్పటికి ఆ గదిలో రెండు లైట్లు పెట్టి ఉంచాం. కాసేపు ఉలి పట్టుకుని చూసి, ‘‘ఇంత తేడా ఉంటుందనుకోలేదు సార్, గీతకు రెండు అంచులు కనిపిస్తున్నాయి’’ అన్నారు. ముప్పై ఏళ్లుగా ఆయన ఎన్నో ఇళ్లకు తలుపులు చేసిచ్చారు. ఆ రెండో అంచు చూపించే లైటు మాత్రం ఎవరూ పెట్టలేదు, మాతో సహా.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో చేతులు పని చేసే ప్రతి బల్ల దగ్గరా నిలబడి, నీడ ఎక్కడ పడుతోందో చూడండి. నీడ పని మీద పడుతుంటే లైటు జరపండి.